రోందా లోయను చిత్రించబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వేల్స్‌లోని కార్డిఫ్‌లో చిత్రకళ చదువుతున్న నీవు ఈ ఏడాది పనికి అక్కడి రోందా బొగ్గు లోయను ఎంచుకున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఏళ్ల తరబడి ఆ కొండలనే గీస్తున్నవాడిగా నాకు తోచినది రాస్తున్నాను.

కుంచె పట్టే ముందు ఎర్నెస్ట్ జొబోలే చిత్రాలు చూడు. ఇటలీ నుంచి వలస వచ్చిన దంపతులకు 1927లో రోందాలోని ఇస్ట్రాడ్‌లో పుట్టిన ఆయన, కార్డిఫ్‌లో చదివి, కొన్నాళ్లు ఆంగిల్సీ దీవిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, తిరిగి సొంత లోయకే చేరుకొని, 1999లో కన్నుమూసే వరకు దాన్నే చిత్రించారు. సముద్రం, దూరాన పెద్ద కొండలు, చిత్రకారుడు కోరేవన్నీ ఆంగిల్సీలో ఉన్నాయి. అవేవీ ఆయనను నిలుపుకోలేకపోయాయి.

ఒకేచోట నిలబడి చూసిన దృశ్యం ఆయన చిత్రాల్లో అరుదు. వీధి పైనుంచి కనిపిస్తుంది, దాని పక్కనే ఇళ్లు నిటారుగా నిలబడతాయి, గదిలోని బల్లా కిటికీ బయటి కొండా ఒకే తలంలోకి వస్తాయి. అన్నిటినీ ముదురు నీలపు రాత్రి కమ్ముకొని ఉంటే, వీధి దీపాలు, కార్ల లైట్లు అందులో వెలుగుతుంటాయి. ఇది వింత కోసం చేసినది కాదని అక్కడ నడిస్తే నీకే తెలుస్తుంది. ఇరుకు లోయలో ఇళ్ల వరుసలు కొండవాలుపై అంచెలంచెలుగా ఉండటం వల్ల, ఒక వీధిలో నిలబడితే కింది వీధి కప్పులూ ఎదుటి కొండమీది వాకిళ్లూ ఒకేసారి కంటపడతాయి.

అందుచేత మొదటి వారాల్లో ఈజిల్ తీసుకెళ్లవద్దు. ట్రెహెర్బర్ట్ రైలెక్కి ఇస్ట్రాడ్‌లో దిగి, చిన్న పుస్తకం, చార్‌కోల్ ముక్క పట్టుకొని చీకటి పడేదాకా నడువు. జొబోలే, ఆయన తోటి రోందా విద్యార్థులు ఈ దారిలోనే రైల్లో కళాశాలకు వెళుతూ చిత్రకళ గురించి వాదించుకునేవారు. ఇంటికి వచ్చాక, నడిచిన దారినంతా పుస్తకం తెరవకుండా గుర్తున్నంత మేరకు గీయి. ఫోటోలు మాత్రం వద్దు.

నలుపును ట్యూబులోంచి నేరుగా వాడకు. అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ అంబర్ కలిపి చేసుకున్న నలుపును, తడిసిన పలకరాతి కప్పులకు నీలం వైపుకూ, చలికాలంలో తుప్పురంగు తిరిగే ఫెర్న్ పొదల నీడలకు గోధుమ వైపుకూ జరుపుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యంగా, ఇప్పుడు లేని బొగ్గును గీయకు. చిత్రకారుడు జోసెఫ్ హెర్మన్ 1944లో దక్షిణ వేల్స్‌లోని మరో గని ఊరైన ఇస్ట్రాడ్‌గన్‌లైస్ వచ్చి, పదకొండేళ్లు గని కార్మికుల మధ్య ఉండి, వారిని కళ్లారా చూసి గీశారు. రోందాలో చివరిదైన మార్డి గని 1990లో మూతపడింది. 1966లో అబెర్వాన్ అనే ఊళ్లో బొగ్గుగని వ్యర్థాల గుట్ట జారి, 116 మంది పిల్లలతో సహా 144 మందిని పొట్టన పెట్టుకున్న తరువాత, దక్షిణ వేల్స్‌లో అలాంటి గుట్టలను ఎన్నింటినో తొలగించారు, చదును చేశారు. నీకు పచ్చగా కనిపించే వాలుల్లో కొన్ని మనుషులు సరిచేసినవే. వాటి అంచులు మరీ నునుపుగా ఉంటాయి. ఆ నునుపును పట్టుకోగలిగితే, మసి ముఖపు కార్మికుడిని తెచ్చి పెట్టవలసిన అవసరం రాదు.

సింగరేణి క్వార్టర్లలో పెరిగినదానివి కనుక గోదావరిఖని నీకు తప్పక గుర్తుకొస్తుంది. దానికి వేరే కాన్వాస్ ఉంచు. ఆ నేల విశాలం, ఈ లోయ ఇరుకు, రెంటినీ కలిపితే రెండూ చెడతాయి.

కార్డిఫ్‌లోని నేషనల్ మ్యూజియంకు వెళ్లే ముందు జొబోలే చిత్రాలు ప్రదర్శనలో ఉన్నాయో లేదో కనుక్కో. మొదటి పది బొమ్మలు, నచ్చనివాటితో సహా, నాకు పంపించు.

ఇట్లు,
మీ మామయ్య