చీనీ తోట రైతు బిడ్డ మళ్ళీ తోటల చదువే చదవాలా?

యల్లనూరు పక్క పల్లె నుంచి ఒక అన్న పోయిన వారం పెద్ద ఉత్తరమే రాసినారు. ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట, పాప ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసయింది, నీట్‌లో మాత్రం సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఇంట్లో అందరూ ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పిద్దాం అంటుంటే పాప ససేమిరా అంటోంది, హార్టికల్చర్ (పండ్లు, కూరగాయల తోటల చదువు) చదువుతా, మన కాయకు క్వాలిటీ ఎందుకు రాదో కనుక్కునే రీసెర్చ్ చేస్తా అంటోందంట. ఆ అన్న చివర్లో రాసిన మాట ఇది: "మేము మట్టిలో పడిన కష్టం చాలు మేడం, అంత చదివించి మళ్ళీ తోటలోకే పంపాలా?"

అన్నా, మీ ఉత్తరం రెండు సార్లు చదివినా. ఎందుకంటే ఆ మాట మా నాయన నోట్లో నుంచి కూడా విన్నదే. మా నాయన మూడెకరాల్లో దానిమ్మ పెట్టినాడు, అప్పు తెచ్చి డ్రిప్పు వేసి పిల్లోళ్ళను సాకినట్టు సాకినాడు, తీరా కాయ నిమ్మకాయంత అయ్యేటప్పటికి తోలు మీద నూనె చుక్క పడినట్టు మచ్చలు మొదలైనాయి, నాలుగు రోజులకు అవి నల్లబడి మచ్చ మధ్యలో కాయ నెర్రెలిచ్చింది. మందుల షాపులో ఏది ఇస్తే అది కొట్టినాడు, వారానికొకటి కొట్టినాడు, ఒక్కటీ పని చేయలేదు. చానా ఏళ్ళ తర్వాత నాకు తెలిసిందేందంటే అది బ్యాక్టీరియా మచ్చ తెగులు, మా నాయన కొట్టిన మందులన్నీ బూజు తెగుళ్ళకు పనికొచ్చేవి. పైగా ఆ తెగులు మొక్కతో పాటే నర్సరీ నుంచి రావచ్చు, వాన చినుకు చిట్లితే పక్క కొమ్మకు పోతాది, కొమ్మలు కత్తిరించే కత్తెరతో ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మనమే అంటిస్తాం, కాబట్టి చెట్టు చెట్టుకూ కత్తెరను మందు నీళ్ళలో ముంచాలి, తోటకు కొన్ని నెలలు రెస్ట్ ఇచ్చి వానలు లేని కాలంలో కాపు తీసుకోవాలి. ఇంతే విషయం. ఈ నాలుగు మాటలు చెప్పే మనిషి ఆ రోజు మా ఊరికి వచ్చి ఉంటే ఆ తోట పీకేసే వాళ్ళం కాదేమో అని నాకు ఇప్పటికీ బాధే. మీ పాప అవుతానంటున్నది ఆ మనిషి. ఆ అమ్మాయి చేతికి పార ఇచ్చి పాదులు తీయమని ఎవరూ అనడం లేదన్నా.

మీకు తెలిసిన దాంతోనే చెప్తా. కాయలు ట్రాక్టర్‌లో అనంతపురం మార్కెట్‌కు తోలి కుప్ప పోస్తారు కదా, వ్యాపారి వచ్చి కుప్పలో చెయ్యి పెట్టి నాలుగు కాయలు తిప్పి చూస్తాడు, తోలు మీద మంగు, అంటే గోధుమ రంగు మచ్చ, కనిపిస్తే టన్ను మీద ఎంత కోస్తాడో మీకు నాకన్నా బాగా తెలుసు. కానీ ఆ మంగు కాయను కోసి చూడండి, లోపల రసం బాగానే ఉంటాది. చెడిపోయింది తోలు ఒక్కటే. దాన్ని చేసేది కంటికి కనపడని నల్లి, భూతద్దం పెట్టి చూస్తే గానీ కనపడదు. కాయ చిన్నగా పచ్చగా ఉన్నప్పుడే తోలు మీద గీకి రసం పీలుస్తాది, ఆ గీకిన చోటే కాయతో పాటు మచ్చ కూడా పెరిగి గోధుమ రంగుకు తిరుగుతాది. మనకు మంగు కనపడేది కాయ పెద్దదైన తర్వాత, అప్పుడు మనం మందు కొడతాం, కానీ నల్లి పని ఎప్పుడో అయిపోయి ఉంటాది, ఆ మందు డబ్బులు నేల పాలే. మరి ఏ నెలలో, కాయ ఏ సైజులో ఉన్నప్పుడు చూడాలి, ఆకుకు ఎన్ని నల్లులుంటే కొట్టాలి, ఎన్ని లోపు ఉంటే కొట్టకుండా ఊరుకోవచ్చు, కొట్టిన మందు కోత నాటికి కాయలో మిగలకుండా ఉండాలంటే ఎన్ని రోజుల ముందు ఆపాలి... ఇవన్నీ ఎవరో ఒకరు తోటలో కూర్చుని ఏళ్ళ తరబడి లెక్క పెడితేనే తేలే విషయాలు. దాన్నే రీసెర్చ్ అంటారు, మీ పాప అడుగుతున్న ప్రశ్న సరిగ్గా అదే.

క్వాలిటీ అంటే కంటికి కనపడేది ఒక్కటే కాదు. చెట్టు మీద నుంచి తెంపినాక చీనీ కాయ ఇంక తియ్యబడదు, తెంపిన రోజు ఎంత తీపి ఉందో అంతే. అరటి అట్ల కాదు, పచ్చి గెల కోసినా తర్వాత మాగుతాది, ఇథిలీన్ అనే గ్యాసు ఆ కాయలోనే పుట్టి దాన్ని మాగబెడతాది. అందుకే రేటు బాగుందని చీనీని ముందే తెంపితే అది పుల్లగానే మిగులుతాది, తిన్నోడు మళ్ళీ మన కాయ కొనడు. ల్యాబులో చేసే మొదటి పని ఇదే తెలుసుకోవడం. రెఫ్రాక్టోమీటర్ అని ఒక పరికరం, జానెడు కూడా ఉండదు, దాని అద్దం మీద ఒక్క రసం చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూస్తే లోపల నీలం గీత ఒక అంకె దగ్గర ఆగుతాది, అది బ్రిక్స్, అంటే సుమారుగా చక్కెర ఎంతో చెప్పేది. పులుపు కొలవాలంటే రసంలో ఒక రంగు మందు చుక్క వేసి క్షారం బొట్టు బొట్టుగా కలుపుతూ పోతారు, లేత గులాబీ రంగు వచ్చి నిలబడగానే ఆపేసి ఎంత పట్టిందో రాసుకుంటారు. తీపికీ పులుపుకూ ఉన్న ఆ నిష్పత్తే నాలుక మీద రుచి. మీ పాప ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో ఇట్లాంటిది చేసే ఉంటాది, అడగండి.

ఇంకొకటి, మీ పక్కనే జరిగింది. పుట్లూరు, నార్పల, తాడిపత్రి వైపు, అటు పులివెందుల వైపు అరటి రైతులు గెలలకు కవర్లు తొడగడం, చివరి హస్తాలు తీసేయడం మీరు చూసే ఉంటారు. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు పోయింది, దానికి ముందే 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటి రైలు పోయింది, అక్కడి నుంచి ఓడల్లో గల్ఫ్ దేశాలకు. ఆ కాయ పోయింది గెల బరువు చూసి కాదు, కాయ మందం, తోలు మీద గీత లేకపోవడం, అన్ని కాయలూ ఒకే వయసులో ఉండడం చూసి. పైగా దాన్ని పదమూడు డిగ్రీల దగ్గర పెట్టాలి, ఇంకా చల్లగా ఉంటే మంచిదే కదా అని తగ్గిస్తే తోలు నల్లబడి తర్వాత సరిగ్గా మాగదు. ఈ లెక్కలన్నీ ఎవరో టెస్టు చేసి రాసి పెట్టినవే. ల్యాబులో పెంచిన గ్రాండ్ నైన్ రకం టిష్యూ కల్చర్ అరటి మొక్క రాకముందు ఇంత సమానంగా గెలలు వేసే తోట మన జిల్లాలో యాడ ఉండేది చెప్పండి.

సరే, పాప ఇష్టం మంచిదే, ఇంక దారి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తా, ఎందుకంటే దీంట్లో మీకు తీపి మాటలు చెప్తే రేపు ఆ అమ్మాయే ఇబ్బంది పడతాది.

దారి పొడుగుది. బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్ నాలుగేళ్ళు, ఎమ్మెస్సీ రెండేళ్ళు, పీహెచ్‌డీ మూడేళ్ళు అంటారు గానీ నాలుగు వేసుకోండి. పదేళ్ళు. సీటు ఏపీ ఈఏపీసెట్‌లో బైపీసీ ర్యాంకు మీద వస్తాది, వెంకటరామన్నగూడెంలో ఉన్న డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ పెడతాది, దాని కాలేజీ ఒకటి మనకు దగ్గర్లోనే రైల్వే కోడూరు పక్కన అనంతరాజుపేటలో ఉంది, అక్కడే మామిడి, బొప్పాయి మీద పని చేసే పరిశోధన స్థానం కూడా ఉంది. మహానందిలో ఇంకో స్థానం ఉంది. రైతుల పిల్లలకు కోటా ఉంటాది కాబట్టి పాసు పుస్తకం, పాప పల్లెలో చదివిన సంవత్సరాల స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి, కౌన్సెలింగ్ ముందు రోజు ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే వాళ్ళను ప్రతి ఏడాదీ చూస్తున్నా. ఇంక ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, బయట రాష్ట్రాల్లో ప్రైవేటు కాలేజీలు డొనేషన్ మీద హార్టికల్చర్ సీటు ఇస్తాం అని ఫోన్లు చేస్తాయి, కేంద్రం వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్ గుర్తింపు ఉందా లేదా చూడకుండా ఒక్క రూపాయి కట్టొద్దు, గుర్తింపు లేకపోతే రేపు ఐసీఏఆర్ పీజీ సీటుకూ ప్రభుత్వ ఉద్యోగానికీ అడ్డం పడతాది. నా దగ్గరికి అట్ల నాలుగేళ్ళు చదివి వచ్చి ఏడ్చిన పిల్లలున్నారు.

డిగ్రీలో చివరి ఏడాది పల్లెల్లో రైతులతో ఉండి చేసే వర్క్ ఉంటాది, మన పాపకు అది అలవాటైన పనే, పట్నం పిల్లలకు అదే కష్టం. తర్వాత ఆల్ ఇండియా ఎగ్జామ్ రాసి మంచి ర్యాంకు వస్తే ఐసీఏఆర్ పీజీ స్కాలర్‌షిప్ కింద స్టైపెండ్‌తో పీజీ చదవొచ్చు, ఇంటి మీద భారం తగ్గుతాది. పీజీలోనే దారులు చీలుతాయి, పండ్లు ఒక సబ్జెక్టు, కూరగాయలు ఒక సబ్జెక్టు, కోత తర్వాత నిల్వ, ప్రాసెసింగ్ ఇంకొకటి. ఇక్కడ పాప స్వభావం చూడాలి. పండ్ల చెట్లంటే ఓపిక కావాలి, మన చీనీ రకం సాత్‌గుడికి అంటు కట్టడానికి జంబేరి వేరు మొక్క మంచిదా రంగపూర్ నిమ్మ మంచిదా తేల్చాలంటే చెట్టు కాపుకు రావడానికే నాలుగైదేళ్ళు, ఆ తర్వాత ఎన్ని కాపులు చూడాలి, ఎన్ని ఎండాకాలాలు చూడాలి. ఒకరు మొదలుపెట్టిన పని ఇంకొకరు ముగిస్తారు. టమోటా అయితే మూడు నాలుగు నెలల్లో పంట, ఏడాదికి రెండు మూడు తరాలు చూడొచ్చు. అయినా కొత్త రకం నిలబడాలంటే ఆరేడు తరాలు పడతాది. బెంగుళూరు హెసరఘట్టలో ఉన్న ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ళు అర్క రక్షక్ అని టమోటా హైబ్రిడ్ ఇచ్చినారు, ఆకుముడత వైరస్‌నూ బ్యాక్టీరియా వడలు తెగులునూ ఆకుమాడునూ మూడింటినీ తట్టుకునేది. దాని వెనక ఎన్నేళ్ళ పనుందో పాప ఒకసారి చదవాల. మన పత్తికొండ టమోటా రేటు పడిపోయి రోడ్డు మీద పోసినప్పుడల్లా ఫ్యాక్టరీ పెడితే చాలు అంటారు కదా, కానీ సాస్‌కు కావాల్సింది గుజ్జు మందంగా, నీళ్ళు తక్కువగా ఉండే కాయ, మార్కెట్‌కు పెంచే కాయ అన్నిసార్లూ దానికి పనికిరాదు. అట్లాంటి పని చేసే మనిషి మన సీమ నుంచే పోవాలని నాకు చానా ఆశ.

"యాడికో బెంగుళూరు పంపాలంటే వాళ్ళమ్మకు భయం" అని రాసినారు. అనంతపురం నుంచి విజయవాడ లాంగ్‌టర్మ్ హాస్టల్ కన్నా బెంగుళూరే దగ్గర అన్నా, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి ఉంటారు.

రీసెర్చ్ వరకు పోకపోతే ఏమైతాది అని కూడా భయం ఉంటాది, అది న్యాయమైన భయమే. నాలుగేళ్ళ డిగ్రీతోనే ఏపీపీఎస్సీ హార్టికల్చర్ ఆఫీసర్ పోస్టులకు పోవచ్చు, 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు ఉద్యాన సహాయకులుగా మన పిల్లలు చానా మంది వచ్చినారు, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకు ఈ డిగ్రీ చెల్లుతాది, కూరగాయల విత్తన కంపెనీలు, ఎగుమతి ప్యాక్‌హౌస్‌లు తీసుకుంటాయి. నోటిఫికేషన్లు ఏడాదేడాది రావు, అది తెలిసే దిగాల. సైంటిస్టు కావాలంటే వ్యవసాయ శాస్త్రవేత్తలను ఎంపిక చేసే బోర్డు ఏఎస్ఆర్‌బీ పెట్టే నెట్, ఏఆర్ఎస్ పరీక్షలు, పోటీ గట్టిది, స్టాటిస్టిక్స్ అంటే భయపడే పిల్లలు అక్కడ ఆగిపోతారు. కాబట్టి లెక్కలు వదిలేసినా కదా అని పాప అనుకుంటే ఇప్పుడే చెప్పండి, వదిలినా అవి ఆ అమ్మాయిని వదలవు.

లాంగ్‌టర్మ్ గురించి నా అభిప్రాయం అడిగినారు. పాపకే డాక్టర్ కావాలని ఉంటే ఇంకో ఏడాది ఇవ్వండి అనేదాన్ని. తను వద్దంటున్నది, పైగా వద్దని ఊరికే అనడం లేదు, ఇది కావాలని చెప్తోంది. పదిహేడేళ్ళకు అంత స్పష్టంగా చెప్పే పిల్లలు నాకు తక్కువ కనిపిస్తారు. ఆ ఏడాదిని బలవంతంగా తీసుకోవద్దండి.

అయినా మీకు నమ్మకం కుదరాల, అది నా మాటతో కుదరదు. ఒక పని చేయండి. పాపకు ఒక భూతద్దం, ఒక నోటు పుస్తకం కొనివ్వండి, పది ఇంతలు చూపించేది అనంతపురంలోనే దొరుకుతాది. తోటలో పది చెట్లకు రంగు దారం కట్టమనండి, నాలుగు గట్ల పక్కవి, ఆరు లోపలివి. వారానికి రెండు సార్లు పొద్దున్నే పోయి ఒక్కో చెట్టు మీద గోళీ సైజు కాయలు పది, పది ఆకులు చూసి నల్లి ఎన్ని ఉన్నాయో, ఎండ ఎట్ల ఉందో, నీళ్ళు ఎప్పుడు పెట్టినారో, మీరు ఏ మందు ఏ రోజు కొట్టినారో రాయమనండి. మీరు ఏమీ గుర్తు చేయొద్దు, పోతావా లేదా అని అడగొద్దు. మొదటి వారం ఎవరైనా పోతారు, వాన పడి బురదైన రోజు, పెళ్ళికి పోయొచ్చి అలసిపోయిన మర్నాడు పోయిందా లేదా చూడండి. నెల తర్వాత ఆ నోటు పుస్తకం పేజీలు ఫోటో తీసి నాకు పంపండి, ఈఏపీసెట్ ఆప్షన్లు ఏ కాలేజీ ముందు పెట్టాలో అప్పుడు పాపతోనే మాట్లాడతా.