హీ-మ్యాన్ నుంచి సైలర్ మూన్ దాకా

ప్రశ్న: నాకు 45 ఏళ్లండీ. దూరదర్శన్‌లో హీ-మ్యాన్ కార్టూన్ కోసం పక్కింటి గుమ్మంలో చతికిలపడ్డ బ్యాచ్. ఇప్పుడు మా అమ్మాయితో జపాన్ కార్టూన్ సైలర్ మూన్ చూస్తుంటే మా ఆవిడ ఒకటే నవ్వు. అందులో హీరోయిన్ మంత్రంతో రూపం మారే సీను ప్రతిసారీ ఒకేలా ఉంటుందేంటి?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నవ్వనీయండి. ఒకేలా ఉండటం కాదు, అది అదే సీను! అప్పట్లో పారదర్శకమైన సెల్ షీట్ల మీద బొమ్మ గీసి, వెనకవైపు రంగులేసి, ఒక్కొక్కటీ కెమెరాతో తీసేవాళ్లు, సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మని రెండు మూడు ఫ్రేములకి సాగదీసినా వారం వారం ఎపిసోడ్ ఇవ్వాలంటే చేతులు పడిపోతాయి. అందుకే ఆ సీనొకటి శ్రద్ధగా చేసి దాచుకుని, కావాల్సినప్పుడల్లా అతికించేవాళ్లు. 1983లో వచ్చిన హీ-మ్యాన్ కత్తెత్తి అరిచేదీ ఇదే లెక్క.

అన్నట్టు, ఈ మంత్రాల అమ్మాయిలు 1992లో సైలర్ మూన్‌తో పుట్టలేదు. జపాన్ టీవీలో 1966లోనే సాలీ అనే బుల్లి మంత్రగత్తె దిగింది. నాకైతే 1983 నాటి క్రీమీ మామి ఇష్టం: పదేళ్ల పిల్ల మంత్రదండం తిప్పి పాప్ సింగరైపోతుంది, అచ్చం ఎనభైల మోజు. దొరికితే అది పెట్టండి, మీ ఆవిడ కూడా పక్కన కూర్చుంటారేమో.