ముందు బొమ్మలో ఉన్నవాళ్లకు చూపించు

బిడ్డా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. పనిచేసే ఆడవాళ్ల మీద క్యాలెండర్‌కు పన్నెండు బొమ్మలు కావాలని ఒక సంస్థ అడిగింది, ఒప్పుకుంటే గల్ఫ్ కుటుంబాల మీద సొంతంగా మొదలుపెట్టిన సిరీస్ ఆగిపోతుందేమో, అయినా డబ్బులకు వేసే బొమ్మలో నిజాయితీ ఎక్కడుంటుంది అని రాశావు. ముందు ఆ చివరి మాట మనసులోంచి తీసెయ్. మన చేర్యాల పటాలు ఆర్డర్ మీద వేసినవే కదా. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు చెప్పే కాకిపడగలవాళ్లు వచ్చి, పటాలు వేసే నకాషీ చిత్రకారులతో డబ్బులిచ్చి వేయించుకునేవాళ్లు. బట్టకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, బొమ్మల వెనక నేపథ్యమంతా ఎర్ర రంగు నింపి, గజాల పొడవున కథంతా గీసేవాళ్లు. ఆ పటాన్ని ఊళ్లో విప్పితే ఎదురుగా కూర్చునేది ఆ కథ ఎవరిదో వాళ్లే. చిన్నప్పటి నుంచి విన్న కథ, ఎక్కడ తప్పు పోయినా పట్టేస్తారు. నువ్వు కూడా అంతే చెయ్యి, సొంత బొమ్మయినా ఆర్డరైనా, డబ్బులిచ్చేవాళ్లకంటే ముందు బొమ్మలో ఉన్నవాళ్లకు చూపించు.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. బీడీ కార్మికుల ఆరోగ్యం మీద ఒక ఆఫీసువాళ్లు పోస్టర్ అడిగితే ఇంట్లో కూర్చుని ఫొటోలు చూసి వేసిచ్చాను, అచ్చయింది, గోడలకు కూడా అంటించారు. తర్వాత నిజామాబాద్ వైపు ఒక ఊళ్లో, వాకిట్లో బీడీలు చుడుతున్నవాళ్ల ముందు ఆ పోస్టర్ పరిచాను. ఒకామె చూసి "చేటేదమ్మా?" అంది. నేనేమో ఆమెను బల్ల ముందు కూర్చోబెట్టాను. చేట ఒళ్లో ఉంటుంది, తంబాకు, కత్తిరించిన తునికాకు, దారం అన్నీ అందులోనే. ఇంకొకామె మెల్లగా "గిట్ల నవ్వుకుంట కూసుంటే వెయ్యి బీడీలు ఎప్పుడైతయి?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాను. నానబెట్టిన ఆకును తడిబట్టలో చుట్టి పెడతారు, ఆరితే చిట్లిపోతుంది. మెడ వంచే ఉంటుంది, చూపు వేళ్ల మీదే, మాటలు మాత్రం ఆగవు. బడి నుంచి వచ్చిన పిల్ల సంచి పక్కన పడేసి బీడీల కొసలు మడవడానికి కూర్చుంది. ఆ పిల్లను పోస్టర్‌లో పెట్టడానికి ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదు, నా నోట్‌బుక్‌లో ఉండిపోయింది, నేను సొంతంగా వేసిన సిరీస్ అక్కడి నుంచే మొదలైంది.

అందుకే క్యాలెండర్ ఒప్పుకో. జగిత్యాల, సిరిసిల్ల వైపు తిరుగుతావు కదా, బీడీలు చుట్టే ఆమె భర్త దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న ఇళ్లు అక్కడ కావాల్సినన్ని. రెండు నోట్‌బుక్‌లు పెట్టుకుని పో. గల్ఫ్ అనగానే శవపేటిక, ఏడుస్తున్న భార్య వేయొద్దు, ఆ బొమ్మ చూసి చూసి జనం కళ్లు తిప్పేసుకుంటున్నారు. వీడియో కాల్ కోసం బియ్యం డబ్బాకు ఆనించిన ఫోన్, డబ్బులు చాలక ఆగిపోయిన స్లాబ్ మీద తుప్పు పట్టిన చువ్వలు, ఏజెంట్‌కు కట్టడానికి చేసిన అప్పు లెక్క రాసిన పాత డైరీ, ఇలాంటివి వాళ్లే చూపిస్తారు. ముఖం వద్దంటే చేతులు వెయ్. పిల్లల మీద లైంగిక దాడుల గురించి బొమ్మలు వేయాల్సి వస్తే పేరు, బడి, వీధి, పోలిక ఏదీ తెలియకూడదు, 2012 పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా అదే చెప్తుంది.

ఇక డబ్బుల విషయం, మొహమాటపడకు. సగం అడ్వాన్స్, రెండుసార్ల వరకు మార్పులు ఉచితం, ఆ తర్వాత వేరే చార్జి. బొమ్మను ఎక్కడ, ఎన్నాళ్లు వాడుకుంటారో రాసి సంతకం పెట్టించు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బు తీసుకుని ఒకరి కోసం వేసిన పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు వేయించుకున్నవాళ్లకే పోతుంది. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. హక్కు నాదే, మీకు క్యాలెండర్ వరకే అనుమతి అని ముందే రాయించుకుంటే రేపు అవే బొమ్మలు నీ ఎగ్జిబిషన్‌లో ధైర్యంగా పెట్టుకోవచ్చు. స్క్రీన్ మీద మెరిసే ఎరుపు అచ్చులో మందగిస్తుంది, ఒక్క పేజీ ప్రింట్ తీయించి చూశాకే మిగతావి ఇవ్వు.

మొదటి స్కెచ్ అయ్యాక వెంటనే నాకు పంపకు. ఆ వాకిట్లో వాళ్లకు చూపించి, వాళ్లేమన్నారో వాళ్ల మాటల్లోనే కాగితం వెనక రాసి, అప్పుడు పంపు.

నీ పెద్దమ్మ,
హనుమకొండ