పాత కప్పు దించాక రేటు పెంచితే కట్టాలా?

ప్రశ్న: మా సొంతింటి పెంకుల కప్పు పాతబడి కారుతుంటే, మొత్తం తీసేసి రేకులు వేయడానికి ఒక కాంట్రాక్టరుకు పని అప్పగించాం. చదరపు అడుగు రేటూ మొత్తం అంకే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. సగం డబ్బు అడ్వాన్సు తీసుకున్నాడు. తీరా పెంకులు దించాక, వాసాలూ దూలాలూ పుచ్చిపోయాయి, కప్పు కొలతలు కూడా అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చాయి, ఇంకో నలభై శాతం ఇవ్వాలి అంటున్నాడు. కంగారులో మా ఆయన ఫోన్లో "సరే, చూడండి" అన్నారు. ఇప్పుడు ఆ డబ్బు చేతికి వస్తేనే మనుషుల్ని పంపుతానంటున్నాడు. వానలు దగ్గరపడ్డాయి, చాలా టెన్షన్‌గా ఉంది. ఆ డబ్బు మేము కట్టాల్సిందేనా? వేరేవాళ్ళతో చేయించుకుంటే అడ్వాన్సు వెనక్కి వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అతనికి డబ్బు కట్టకముందు, వేరేవాళ్ళని పిలవకముందు, ఇవాళే ఫోటోలూ వీడియోలూ తీయించండి. ప్రతి వాసం, ప్రతి దూలం, పుచ్చిన చోటు దగ్గరగా, ఆ తర్వాత దూరం నుంచి. దించిన చెక్క ఉంటే పారేయనివ్వకండి. కప్పు గొడవల్లో సాక్ష్యం రేకుల కింద కప్పబడిపోతుంది. రేకు పడ్డాక, చెక్క నిజంగా పుచ్చిందా, ఎన్ని వాసాలు మార్చారు అన్నది తేల్చడానికి మళ్ళీ రేకులు విప్పాలి. ఏ కోర్టుకు వెళ్ళినా మీ బలం ఈ ఫోటోల్లోనే ఉంటుంది.

ఇక అతను అడుగుతున్న నలభై శాతం. అందులో రెండు వేర్వేరు విషయాలు కలిసి ఉన్నాయి. ఒకటి చెక్క, రెండోది కొలత. రెండింటికీ జవాబు ఒకటి కాదు. అందుకే ముందు వాటిని విడదీసి, దేనికెంతో రాసి ఇమ్మని అడగండి.

చెక్క సంగతి చూద్దాం. మీ కాగితంలో "పాత కప్పు తీసి కొత్తది వేయుట" అని మాత్రమే ఉందా, "చట్రంతో సహా" అని ఉందా, "చెక్క పని వేరు" అని ఉందా చూసుకోండి. చట్రంతో సహా అని ఉంటే మొత్తం అంకెలోనే అది కూడా చేయాలి. వేరు అని ఉంటే వేరుగానే ఇవ్వాలి. ఏమీ రాయకపోతేనే వాదన మొదలవుతుంది. అప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే: రేటు చెప్పే ముందు అతను ఇంట్లో నిలబడి పైకి చూశాడా? పెంకుటింట్లో వాసాలు సాధారణంగా కింద నుంచే కనబడతాయి. చేత్తో తట్టి చూస్తే పుచ్చు తెలుస్తుంది. పని తెలిసినవాడు చూడగలిగినది చూడకుండా రేటు వేస్తే, ఆ నష్టం మీ మీదకు నెట్టడం న్యాయం కాదు. లోపల సీలింగు ఉండి ఏమీ కనబడకపోతే మాత్రం అతని మాటకు బలం ఉంటుంది.

భారత ఒప్పందాల చట్టం 1872లోని 62వ సెక్షన్ ప్రకారం ఒప్పందాన్ని మార్చాలంటే ఇరువైపులా ఒప్పుకోవాలి. అతనొక్కడే అంకె పెంచేస్తే అది ఒప్పందం కాదు. కానీ ఇక్కడ జాగ్రత్త. అదే చట్టంలో 70వ సెక్షన్ ఉంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయబద్ధంగా ఏదైనా చేసిపెడితే, రెండోవారు దాని ఫలితం అనుభవిస్తే, తగిన పరిహారం ఇవ్వాలి. 1962 నాటి తీర్పుల సంపుటాల్లో అచ్చయిన పశ్చిమ బెంగాల్ రాష్ట్రం, బి.కె. మండల్ అండ్ సన్స్ కేసు కూడా నిర్మాణ పని గురించిందే. చెల్లుబాటయ్యే ఒప్పందం లేకపోయినా, అడిగి చేయించుకున్న పనిని ప్రభుత్వం వాడుకుంది కాబట్టి డబ్బు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. వద్దనే అవకాశం ఉండి కూడా తీసుకున్నారా అన్నది ఆ తీర్పులో ముఖ్యం. అంటే మీ కళ్ళ ముందే కొత్త వాసాలు వేస్తుంటే మౌనంగా ఊరుకుని, చివర్లో "మేము అడగలేదు" అంటే నిలవదు.

మీ ఆయన అన్న "సరే, చూడండి" నలభై శాతానికి ఒప్పుకున్నట్టు నేను అనుకోను. కానీ రేపు అతను అలాగే చెబుతాడు. అందుకే ఈ రోజే ఒక మెసేజ్ పంపండి: "ఫోన్లో అన్నది పరిశీలించమని మాత్రమే. అదనపు మొత్తానికి మేము ఒప్పుకోలేదు. ఏ వాసం, ఎంత పొడవు, ఏ సామగ్రి, ఏ రేటు అనేది రాసి పంపండి. మేము రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే ఆ పని మొదలుపెట్టండి." ఆ లెక్క వచ్చాక సంబంధం లేని ఒక వడ్రంగికో ఇంజనీరుకో చూపించండి. చెక్క నిజంగా పుచ్చితే మార్చాల్సిందే. డబ్బు మిగులుతుందని పుచ్చు వాసాల మీద కొత్త రేకులు వేయించుకోకండి. గట్టి గాలి వస్తే ప్రాణాల మీదకు వస్తుంది. మీరు పోరాడాల్సింది ఆ చెక్కకు న్యాయమైన ధర ఎంత అన్నదాని మీద.

కొలత విషయంలో అతను అబద్ధమాడుతున్నాడని తొందరపడకండి. వాలు కప్పు వైశాల్యం కింద నేల వైశాల్యం కన్నా ఎప్పుడూ ఎక్కువే. వాలు 30 డిగ్రీలుంటే సుమారు 15 శాతం, 45 డిగ్రీలుంటే సుమారు 41 శాతం ఎక్కువ వస్తుంది. గోడ దాటి బయటికి వచ్చే చూరు దీనికి అదనం. ఇంటి ప్లాను పట్టుకుని లెక్కేసుకున్న యజమానులు ఇక్కడే దెబ్బతింటారు. అయితే ఈ లెక్క కాంట్రాక్టరుకు ముందే తెలియాలి. మీ కాగితంలో రేటు రాసి "కొలతల ప్రకారం" అని ఉంటే నిజంగా పరిచిన వైశాల్యానికి కట్టాలి. రేటుతో పాటు ఖాయమైన మొత్తం రాసి ఉంటే, తక్కువ కొలిచిన తప్పు అతనిదని గట్టిగా వాదించవచ్చు. ఏదైనా మీరే టేపు పట్టి కొలిపించండి. రేకు మీద రేకు ఎక్కిన భాగాన్ని రెండుసార్లు లెక్కేశాడేమో కూడా చూడండి. ఒప్పందంలో రాసుకోకపోతే కప్పిన వైశాల్యమే లెక్క.

డబ్బిస్తేనే మనుషుల్ని పంపుతానంటున్నాడు కదా. పని మళ్ళీ మొదలుపెట్టడానికి తేదీ వేసి, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. మిగిలిన పని చేయనని తేల్చేస్తే ఒప్పందాల చట్టం 39వ సెక్షన్ కింద ఒప్పందాన్ని ముగించే హక్కు మీకు వస్తుంది. ఈలోగా టార్పాలిన్ కప్పించి బిల్లు దాచుకోండి. నష్టపరిహారం గురించి చెప్పే అదే చట్టంలోని 73వ సెక్షన్, నష్టాన్ని తగ్గించుకునే మార్గం మీకుందా అని కూడా చూస్తుంది. ఇల్లు తడవనిచ్చి సామాను మొత్తానికి పరిహారం అడిగితే, టార్పాలిన్ ఎందుకు కప్పలేదని జడ్జి అడుగుతారు. టార్పాలిన్ ఖర్చు మాత్రం అతని నుంచి అడగవచ్చు.

వానలు నిజంగా ముంచుకొస్తే, చెక్క వరకు న్యాయమైన మొత్తం ఇచ్చి పని పూర్తి చేయించుకోవడమే మంచిదని నా సలహా. కానీ ముందుగా ఇవ్వకండి. ఇన్ని వాసాలు వేశాక ఇంత అని ఇవ్వండి. గొడవ ఉన్న భాగం కూడా కట్టక తప్పకపోతే, "అభ్యంతరంతో చెల్లిస్తున్నాం, తిరిగి కోరే హక్కు వదులుకోవడం లేదు" అని రాసి ఇవ్వండి.

వేరేవాళ్ళని పెట్టుకోవాలనుకుంటే, నోటీసు గడువు తీరాక, సాక్షుల ఎదుట ఇంతవరకు జరిగిన పని కొలతలు రాయించండి. అతను వదిలేసిన రేకుల్ని వాడకండి. తీసుకెళ్ళమని రాయండి, వాడితే వాటి విలువ లెక్కలో చూపాల్సి వస్తుంది. అడ్వాన్సులో జరిగిన పని విలువ పోగా మిగిలింది తిరిగి అడగవచ్చు. కొత్త కాంట్రాక్టరుకు పాత ఒప్పందం కన్నా ఎక్కువ అయితే ఆ తేడా కూడా అడగవచ్చు, అయితే అదే పనికీ అదే నాణ్యతకీ. ఈ సందులో ఖరీదైన రేకులు ఎంచుకుంటే ఆ తేడా మీదే.

చాలామంది మొదట పోలీస్ స్టేషనుకు వెళతారు. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉంటే తప్ప రేటు గొడవ క్రిమినల్ కేసు కాదు. మీకు సరైన దారి వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో గృహ నిర్మాణం సేవల కిందకు వస్తుంది. మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గొడవకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోపు వేయాలి. వాట్సాప్ మెసేజులు, కాల్ రికార్డింగులు సాక్ష్యంగా ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియం 2023లోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అందుకే ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరిపేయకండి.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు కానీ, పాలసీ ఉన్నా పాతబడి పాడైన కప్పుకు సాధారణంగా డబ్బు రాదు. తుఫానుకు ఎగిరిపోతే వేరు. అప్పుడైనా పాత కప్పు తీయకముందే కంపెనీకి తెలియజేయాలి.

ఇంకా పని మొదలుపెట్టని వారు ఈ ఐదు మాటలూ కాగితం మీద పెట్టించండి. కింద ఏం బయటపడితే ఏ రేటు అన్నది ముందే రాయాలి: వాసం అడుగుకు ఇంత, దూలం ఇంత అని. పాత సామగ్రి ఎవరిది, దించి తరలించే ఖర్చు ఎవరిది అన్నది రాయాలి. పాతవి ఆస్‌బెస్టాస్ రేకులైతే ఇది ఇంకా ముఖ్యం. వాటిని పగలగొడితే వచ్చే ధూళి క్యాన్సర్ కారకం కాబట్టి, తడిపి, పగలకుండా దించాలని షరతు పెట్టండి. గోడా కప్పూ కలిసే చోట వేసే పని, రెండు వాలులు కలిసే చోటి కొప్పు, పన్నులు మొత్తంలో ఉన్నాయో లేదో రాయాలి. అడ్వాన్సు సామగ్రి ఖరీదు దాటకూడదు. చివరి పదో వంతు, గట్టి వాన ఒకటి పడి ఎక్కడా కారలేదని చూశాకే ఇస్తామని రాయించుకోండి. ఈ షరతుకు ఒప్పుకోని కాంట్రాక్టరుకు పని ఇవ్వొద్దని నేను నా క్లయింట్లకు చెబుతాను.