‘అక్కడ మీవాళ్లు ఉండరు’ అన్న ఏజెంటు, వీసా అడ్డమన్న లెండర్: ఏది వివక్ష, ఏది నిబంధన?

ప్రశ్న: మేము డాలస్ సమీపంలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నేనూ నా భార్యా హెచ్‌1బి వీసాలపై ఉద్యోగాలు చేస్తున్నాం, ఇద్దరు పిల్లలు. సుమారు 6 లక్షల డాలర్ల ఇల్లు కొనాలని 1.2 లక్షల డాలర్లు కూడబెట్టాం. మేము అడిగిన ప్రాంతాన్ని పక్కనపెట్టి, ‘అక్కడ మీవాళ్లు పెద్దగా ఉండరు’ అంటూ ఏజెంటు వేరే వైపే ఇళ్లు చూపిస్తున్నారు. ఒక లెండర్ ఫోన్‌లో మాట్లాడుతూ మా వీసాపై ఎఫ్‌హెచ్‌ఏ లోన్ (ప్రభుత్వ బీమా ఉండే గృహరుణం) రాదని, మరో రకం లోన్‌కు 7 శాతం వడ్డీ పడుతుందని చెప్పారు. మా స్నేహితుడికి 6.5 శాతానికే వచ్చింది. ఇది వివక్షేనా? ఫిర్యాదు చేయాలా, సర్దుకుపోవాలా?

జవాబు: మీ ఉత్తరంలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. వాటిలో ఒకటి చట్టవిరుద్ధంగానే కనిపిస్తోంది, ఒకటి ప్రభుత్వమే పెట్టిన నిబంధన, మూడోది కాగితాలు చేతికి వస్తే తప్ప తేలనిది. మూడింటినీ ఒకే గాటన కడితే మీ కోపం సరైన చోటికి చేరదు, డబ్బూ మిగలదు.

మొదట ఏజెంటు సంగతి. కొనేవారి జాతిని, దేశమూలాన్ని, మతాన్ని బట్టి ఫలానా ప్రాంతం వైపు నడిపించడాన్ని అమెరికాలో ‘స్టీరింగ్’ అంటారు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన సరిగ్గా వారానికి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన ఫెయిర్ హౌసింగ్ చట్టం దీన్ని నిషేధిస్తుంది. ఆ చట్టంలో స్త్రీపురుష భేదం 1974లో, వైకల్యం, పిల్లలున్న కుటుంబాలు అనే అంశాలు 1988లో చేరాయి. ఇదంతా నల్లజాతివారికి సంబంధించిన చరిత్ర అని మనలో చాలామంది అనుకుంటారు. కానీ పంజాబ్ నుంచి వలస వెళ్లిన భగత్ సింగ్ థిండ్ శ్వేతజాతీయుడు కాడు కనుక పౌరసత్వానికి అర్హుడు కాడని 1923లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పౌరసత్వానికి అర్హత లేనివారు వ్యవసాయ భూమి కొనరాదనే చట్టం కాలిఫోర్నియాలో అప్పటికే ఉంది కాబట్టి, ఆ తీర్పుతో భారతీయ రైతుల కాళ్ల కింది నేలే కదిలింది. 1946లో గాని మనవారికి పౌరసత్వపు తలుపు తెరుచుకోలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ‘మనవాళ్లు ఎక్కువగా ఉండేచోట చూపించండి’ అని ఏజెంట్లను అడిగే అలవాటు మనకే ఉంది. మీకు నచ్చిన చోటును మీరు ఎంచుకోవడంలో తప్పు లేదు, కానీ ఆ ఎంపిక మీ తరఫున ఏజెంటు చేయకూడదు. రేపు మీరే ఆ ఇంటిని అద్దెకు ఇస్తూ ‘భారతీయ కుటుంబాలకు మాత్రమే’ అని ప్రకటన ఇస్తే, అదే చట్టం మీకూ వర్తిస్తుంది.

మీరు కోరిన ప్రాంతం, ధర, గదుల సంఖ్య రాసి, అక్కడి ఇళ్లు చూపించమని ఏజెంటుకు ఈమెయిల్ పంపండి. దానికి వచ్చే జవాబు కూడా ఒక ఆధారమే. ఏజెంటును మార్చదలిస్తే ముందు మీరు సంతకం చేసిన ఒప్పందం చదవండి. 2024 ఆగస్టు 17 నుంచి చాలా చోట్ల ఇల్లు చూడటానికి ముందే కొనుగోలుదారుతో రాతపూర్వక ఒప్పందం చేయించుకుంటున్నారు. అందులోని గడువు, రద్దు షరతులు చూడకుండా మారితే ఇద్దరికీ కమీషన్ కట్టవలసి రావచ్చు.

రెండోది ఎఫ్‌హెచ్‌ఏ లోన్. ఇందులో లెండర్ తప్పు లేదు. శాశ్వత నివాసం లేనివారికి ఆ లోన్లు ఇవ్వరాదన్న ప్రభుత్వ నిర్ణయం 2025 మే 25 నుంచి అమల్లో ఉంది. దేశమూలాన్ని బట్టి లోన్ నిరాకరించడం చట్టవిరుద్ధమే, కానీ వలస హోదాను, అప్పు వసూలుకు దానితో ఉన్న సంబంధం మేరకు పరిశీలించడానికి రుణ సమానావకాశ చట్టం కింది నిబంధనలు అనుమతిస్తాయి. నా దృష్టిలో మీకు పోయిందేమీ లేదు. చేతిలో 20 శాతం డౌన్‌పేమెంట్ ఉన్నవారు ఎఫ్‌హెచ్‌ఏ లోన్ తీసుకుంటే, అవసరం లేని మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ (మీరు అప్పు తీర్చకపోతే లెండర్‌కు రక్షణగా ఉండే బీమా) ప్రీమియం 11 ఏళ్లపాటు కట్టవలసి ఉంటుంది. లెండర్ల నుంచి గృహరుణాలు కొనే సంస్థలు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్. అవి కొనే కన్వెన్షనల్ లోన్లకు, అంటే ఎఫ్‌హెచ్‌ఏ వంటి ప్రభుత్వ బీమా లేని మామూలు లోన్లకు, చట్టబద్ధంగా ఉంటున్న వీసాదారులు కూడా అర్హులే.

అసలు డబ్బు మూడో విషయంలో ఉంది. 4.8 లక్షల డాలర్ల లోన్‌పై 30 ఏళ్లకు 7 శాతం చొప్పున నెలకు సుమారు 3,193 డాలర్లు, 6.5 శాతం చొప్పున 3,034 డాలర్లు పడుతుంది. మొత్తం కాలానికి తేడా 57 వేల డాలర్లు దాటుతుంది. అయితే ఆ తేడా మీ క్రెడిట్ స్కోరు వల్ల రావచ్చు, వడ్డీ తగ్గించుకోవడానికి ముందే కట్టే ‘పాయింట్ల’ వల్ల రావచ్చు, వడ్డీ రేటును ఖాయం (లాక్) చేసుకున్న రోజు వల్లా రావచ్చు, కాబట్టి స్నేహితుడితో పోలిక ఏమీ నిరూపించదు. ముగ్గురు లెండర్లకు ఒకే రోజు దరఖాస్తు చేయండి. దరఖాస్తు అందిన 3 పనిదినాల్లో లోన్ ఎస్టిమేట్, అంటే వడ్డీ, నెలవారీ కిస్తీ, ఖర్చుల అంచనా పత్రం ఇవ్వడం వారి బాధ్యత. మార్ట్‌గేజ్ కోసం లెండర్లు 45 రోజుల లోపు మీ క్రెడిట్ రికార్డు ఎన్నిసార్లు చూసినా అవన్నీ క్రెడిట్ స్కోరులో ఒక్కటిగానే లెక్కకు వస్తాయి. ఫోన్‌లో ‘కుదరదు’ అన్న మాటను మాత్రం అంగీకరించకండి. పూర్తి దరఖాస్తు ఇస్తే 30 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, తిరస్కరిస్తే అడిగినప్పుడు కారణాలు రాసివ్వాలి.

ఒప్పందం కుదిరాక అప్రైజల్ దగ్గర, అంటే లెండర్ ఇంటికి విలువ కట్టించే దశలో, మరో ఇబ్బంది రావచ్చు. 6 లక్షల ఇంటికి 5.6 లక్షలే విలువ కడితే, 80 శాతం లెక్కన లోన్ 4.48 లక్షలకు తగ్గి, మీరు 32 వేల డాలర్లు అదనంగా తేవాలి. ఆ నివేదిక ప్రతి మీకు ఇవ్వడం లెండర్ విధి. పోల్చిన ఇళ్లు సరైనవి కావనిపిస్తే పునఃపరిశీలన కోరండి.

ఇక ఈ హక్కుల భవిష్యత్తు. నగరాలు వివక్షను చురుగ్గా తొలగించాలన్న 2015 నాటి నిబంధన 2020లో రద్దయి, 2021లో చాలా వరకు తిరిగొచ్చి, 2025లో మళ్లీ పోయింది. ఉద్దేశం లేకపోయినా ఫలితం వివక్షగా మారితే చెల్లదన్న వాదనను 2015లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆమోదించింది. ఆ మార్గంలో చర్యలకు ప్రాధాన్యం తగ్గించమని 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. మీరుండే టెక్సాస్‌లోనే చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యా దేశాలకు సంబంధించినవారి ఆస్తి కొనుగోళ్లపై 2025లో కొత్త చట్టం వచ్చింది. అందులో భారత్ లేదు. అయినా 1923 కథ తెలిసినవారికి అది కొత్తగా అనిపించదు. ప్రభుత్వం ముందుకు వచ్చి అడిగే పరిస్థితి తగ్గినప్పటికీ వ్యక్తిగా మీ హక్కు చెక్కుచెదరలేదు. కేంద్ర గృహనిర్మాణ శాఖకు, అంటే హడ్‌కు, ఘటన జరిగిన ఏడాది లోపు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సొంతంగా దావా వేయడానికి రెండేళ్ల గడువు ఉంది. రాష్ట్ర స్థాయిలో టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ కూడా ఫిర్యాదులు తీసుకుంటుంది.

ఫిర్యాదు కోసం ఇల్లు కొనడం ఆపమని నేను చెప్పను, రెండూ పక్కపక్కన నడవగలవు. ఏజెంటుకు మీరు పంపే ఈమెయిల్‌కు అదే ధోరణిలో జవాబు వస్తే హడ్‌కు రాయండి. ఆయన ‘మీవాళ్లు ఉండరు’ అన్న తేదీ, అప్పుడు చూపిన ఇళ్ల చిరునామాలు గుర్తున్నంత వరకు ఈ రాత్రే ఒక కాగితంపై పెట్టండి. మీ ఏడాది గడువు ఆ తేదీ నుంచే మొదలైంది.