బోరు నీళ్లు మరిగిస్తే చాలా? ఆర్‌ఓ పెట్టించాలా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. బోరు నీళ్లే దిక్కు, ఎండాకాలం ట్యాంకరు. కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటోంది. ఆర్‌ఓ పెట్టిద్దామని మావారు, మరిగిస్తే చాలని అత్తయ్య అంటున్నారు. నాలుగు నెలల పాపకు డబ్బా పాలు పడుతున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: ఇద్దరి మాటా సగమే నిజం. నీళ్లతో వచ్చే బెడద రెండు రకాలు: క్రిములు, కరిగి ఉన్న లవణాలు. మరిగించడం మొదటిదానికి మందు, రెండోదాంట్లో కాస్త సున్నం అడుగున పేరుకోవడం తప్ప మిగతావాటిని తాకదు. వాటిని సన్నటి పొర గుండా వడకట్టేది ఆర్‌ఓ.

క్రిముల విషయంలో మాత్రం మరిగించడాన్ని మించింది లేదు. టైఫాయిడ్, కలరా, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు, క్లోరిన్‌కు లొంగని, విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కూడా చస్తాయి. సలసలా తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం ఉంచండి. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి, అయినా ఆ నిమిషం సరిపోతుంది. ఇరవై నిమిషాలు కాచేవాళ్లున్నారు. నీరు ఆవిరైపోయి, మిగిలినదాంట్లో లవణాలు చిక్కబడతాయి తప్ప ప్రయోజనం లేదు. ఆ తెల్లటి పొర సున్నం, హాని లేదు. తేరనిచ్చి పైనీళ్లు వంచుకోండి.

నాకు అసలు భయం పాప గురించి. డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకు ఊట దిగిన బోర్లలో నైట్రేట్ అనే లవణం ఉంటుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆరు నెలల్లోపు పసివాళ్లలో అది నైట్రైట్‌గా మారి రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. పెదవులు, గోళ్లు నీలంగా కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. నల్లగొండ ఫ్లోరైడ్ గోడు విన్న మనకు దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అందుకే మిషన్ కొనేముందు నీళ్లు ల్యాబుకు ఇవ్వండి. నైట్రేట్, ఫ్లోరైడ్, టీడీఎస్ (కరిగి ఉన్న మొత్తం లవణాలు), కోలిఫాం (మురుగు కలిసిందని తెలిపే క్రిములు) నాలుగూ అడగండి. అమ్మకానికి వచ్చిన మనిషి చూపించే టీడీఎస్ పెన్ను మొత్తం లవణాల లెక్క చెబుతుంది, అందులో నైట్రేట్ ఎంతో, క్రిములున్నాయో లేదో చెప్పదు. ట్యాంకరు నీళ్లు లోడుకో రకం, వాటిని విడిగా పరీక్షించాలి.

నైట్రేట్, ఫ్లోరైడ్ హద్దులో ఉండి టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆర్‌ఓ అనవసరం. యూఎఫ్ (సన్నటి జల్లెడలా వడకట్టేది), యూవీ (అతినీలలోహిత వెలుతురుతో క్రిములను చంపేది) కలిసిన మిషన్ చాలు. అయితే నీళ్లు మడ్డిగా ఉంటే యూవీ వెలుతురు క్రిముల దాకా చేరదు. యూవీ దీపం వెలుగుతూనే శక్తి కోల్పోతుంది, ఏడాదికోసారి మార్చాల్సిందే.

హద్దు దాటితే ఆర్‌ఓ తప్పదు. లీటరుకు రెండు మూడు లీటర్లు వృథా పోతాయి. బాత్రూం కడగడానికి వాడండి, మొక్కలకొద్దు. లోపలి కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను పీల్చేస్తుంది కనుక ఆర్‌ఓ ట్యాంకులో నిలవున్న నీళ్లకు రక్షణ ఉండదు, క్రిములు మళ్లీ పుడతాయి. ట్యాంకు తరచూ కడిగించండి. వడకట్టి వచ్చే తాగునీళ్ల టీడీఎస్ నెల నెలా పెరుగుతుంటే పొర పాడైందన్నమాట. పెన్ను పనికొచ్చేది ఇక్కడే.

పాపకు రిపోర్టు వచ్చేదాకా బోరు నీళ్లు వద్దు. సీలున్న, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరున్న ప్యాకింగ్ నీళ్లు వాడండి. అవైనా, రేపు ఆర్‌ఓ నీళ్లైనా మరిగించాల్సిందే, ఎందుకంటే పాలపొడి కూడా క్రిమిరహితం కాదు. దించాక అరగంట దాటకుండా, ఇంకా 70 డిగ్రీల వేడి ఉండగానే పొడి కలపండి. సీసాను కొళాయి కింద పట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. రెండు గంటల్లో తాగకపోతే పారబోయండి.

పెద్దవాళ్ల నీళ్లు కాచిన గిన్నెలోనే మూతపెట్టి ఒక రోజులో వాడేయండి. గ్లాసు ముంచొద్దు, కొళాయి ఉన్న స్టీలు డ్రమ్ము మేలు. గ్యాస్ అయిపోయిన రోజున క్లోరిన్ బిళ్లలు ఉపయోగపడతాయి. పట్టీ మీద రాసినన్ని లీటర్లకు వేసి, అరగంట ఆగి తాగండి. మడ్డి నీళ్లైతే ముందు బట్టతో వడకట్టాలి, లేదంటే క్లోరిన్ మట్టికే ఖర్చైపోతుంది.