బండి ప్రశ్నలు: వెనకద్దం పగిలితే ఏం చెయ్యాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో వెనకద్దం గురించినవే నాలుగు ఉన్నాయి, నాలుగూ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నించే, అందుకని పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: సార్ నమస్కారం. మాది నరసన్నపేట. కవిటి దగ్గర మా అమ్మావాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు కారు కొబ్బరి చెట్టు కింద పెట్టాం, రాత్రి కాయ పడి వెనకద్దం మొత్తం పలుకులు పలుకులైపోయింది. మావారు ప్లాస్టిక్ కవరు వేసి టేపు కొట్టి అలాగే తిప్పుతున్నారు. రోజూ శ్రీకాకుళం డ్యూటీకి వెళ్తా పిల్లలిద్దర్నీ స్కూల్లో దింపుతారు, వాళ్ళు వెనక సీట్లోనే కూచుంటారు. ఇక్కడ మెకానిక్ ఏమో అద్దం వైజాగ్ నించి రావాలి టైం పడతాది అన్నాడు, మా మరిది ఏమో అక్రిలిక్ షీటు కోసి పెట్టించేద్దాం వదినా సగం డబ్బుల్లో అయిపోద్ది అంటున్నాడు. ఇన్సూరెన్స్ ఉంది, మూడేళ్ళుగా ఒక్క క్లెయిమూ పెట్టలేదు, 35 శాతం తగ్గింపు వస్తోంది. ఏటి చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: అమ్మా, డబ్బు సంగతి, అద్దం సంగతి తర్వాత చూద్దాం, ముందు పిల్లల్ని ఆ వెనక సీట్లో కూచోబెట్టడం ఇవాళే ఆపించండి. అద్దం వచ్చేదాకా స్కూలుకి ఆటోలోనో బస్సులోనో పంపండి, కొన్నాళ్ళే కదా. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే రెండు కారణాలు ఉన్నాయి, రెండోది చాలామందికి తెలీదు.

మొదటిది గాజు పలుకులు. వెనకద్దం టెంపర్డ్ గ్లాస్, అంటే గాజుని ఆరొందల డిగ్రీలు దాటేదాకా వేడిచేసి ఒక్కసారిగా గాలితో చల్లార్చి తయారు చేస్తారు, పగిలితే కత్తుల్లాంటి ముక్కలు కాకుండా పటికబెల్లం పలుకుల్లా రాలుతుంది. గొంతు తెగకుండా ఉండాలనే అలా చేస్తారు గానీ ఆ పలుకులు పోయే చోట్లు చూస్తే ఆశ్చర్యమేస్తది, సీటు బెల్టు బకిల్ లోపలికి, సీటు వీపుకి కిందికి మధ్య సందులోకి, డిక్కీలో స్టెప్నీ గుంటలోకి, చైల్డ్ సీటు ఉంటే దాని కుట్ల మధ్యకి. పిల్లాడు సందులో చెయ్యి పెట్టాడంటే కోసుకుంటాది. బకిల్లో పలుకు ఇరుక్కుంటే బెల్టు క్లిక్ మన్నట్టే ఉంటుంది గానీ సరిగ్గా లాక్ అవ్వకపోవచ్చు, అది ఇంకా పెద్ద సంగతి.

రెండోది పొగ. కారు ముందుకి పోతున్నప్పుడు వెనక గాలి ఒత్తిడి తగ్గిపోయి సుడి తిరుగుతుంది, సైలెన్సర్ నించి వచ్చే పొగ ఆ సుడిలో పడి వెనక కన్నంలోంచి కారు లోపలికే వచ్చేస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు వాసన లేదు, ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత తల తిరుగుతుంది, వికారం పుడుతుంది, పిల్లలు మగతగా ఉంటే నిద్రొచ్చిందనుకుంటాం. ప్లాస్టిక్ కవరు ఎంత బాగా అంటించినా హైవే మీద స్పీడుకి అంచులు లేచిపోతాయి. మీ ఆయన తప్పనిసరిగా బండి తియ్యాల్సి వస్తే ఏసీలో లోపలి గాలి తిప్పే బటన్ ఆపేసి, బయటి గాలి వచ్చేలా పెట్టి ఫ్యాన్ ఫుల్లుగా పెట్టుకోమనండి, ముందు కిటికీలు రెండూ దించుకోమనండి, నెమ్మదిగా, దగ్గర దూరమే. తల బరువెక్కినట్టుంటే వెంటనే పక్కకి ఆపి కిందకి దిగాలి. పైగా ఆ కవరుతో లోపలి మిర్రర్ లో వెనక ఏమీ కనపడదు, 16వ నంబరు హైవే మీద లారీల మధ్య అది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

పలుకులు తియ్యడం గురించి. చేత్తో ఊడ్చొద్దు, గుడ్డ పెట్టి తుడవొద్దు. తోలు గ్లవ్స్, కళ్ళజోడు పెట్టుకుని ఫ్రేముకి ఇంకా వేలాడుతున్న ముక్కల్ని ముందు లోపల ఒక దుప్పటి పరిచి దాని మీదకి రాల్చాలి. తర్వాత వ్యాక్యూమ్ క్లీనర్, ఇంట్లో లేకపోతే వాటర్ సర్వీసింగ్ సెంటర్లో ఉంటుంది, బ్లోయర్ మాత్రం కొట్టనివ్వకండి, సందుల్లో ఉన్నవి ఇంకా లోపలికి పోతాయి. కార్పెట్ లో మిగిలిన నలుసులకి వెడల్పు టేపు అంటించి లాగితే వచ్చేస్తాయి. బెల్టులు మొత్తం బయటకి లాగి చూడండి. అద్దం వేశాక ఇంకోసారి ఇదంతా చెయ్యండి, బిగించేటప్పుడు పాతవి కొన్ని మళ్ళీ రాలతాయి.

కవరు గురించి ఒక మాట. టేపు నేరుగా పెయింట్ మీద కొట్టి ఎండలో ఉంచితే జిగురు పట్టేసి తీసేటప్పుడు పెయింట్ చెడిపోతుంది, ముందు పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు ఒక వరస వేసి దాని మీద గట్టి టేపు వెయ్యాలి. వాన పడితే స్టెప్నీ గుంటలో నీళ్ళు నిలుస్తాయి, రోజూ మ్యాట్ ఎత్తి చూడండి.

ఇక మీ మరిది గారి అక్రిలిక్ షీటు. ఆయన మీ డబ్బులు మిగల్చాలనే చెప్పారు, కానీ వద్దమ్మా. కారుకి ఐఎస్ 2553 అనే భారత ప్రమాణానికి సరిపడే అద్దమే ఉండాలి, షాపులో కోసిన షీటు దానికి రాదు. అది ఎండకి రంగు మారుతుంది, గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, వెనకద్దం వంపుకి సరిగ్గా కూచోదు కాబట్టి ఎప్పటికైనా ఊడుతుంది, హైవే మీద ఊడి వెనక వచ్చే బైకు వాళ్ళకి తగిలితే ఎవరు జవాబు చెప్తారు. వైజాగ్ నించి వచ్చేదాకా ఆగండి. వచ్చినప్పుడు అద్దం మూలన ముద్ర చూడండి, ఐఎస్ఐ మార్కు, తయారీ కంపెనీ పేరు ఉంటాయి. మీ కారులో డీఫాగర్ గీతలుంటే (అద్దం మీది మంచు కరిగించే సన్నటి కరెంటు గీతలు) కొత్త దాంట్లోనూ ఉన్నాయా, మోడల్ సంవత్సరం అదేనా అని ఆర్డర్ ఇచ్చే ముందే అడగండి, ఒకే మోడల్లో వేరియంట్ మారితే అద్దం కూడా మారుతుంది.

ఇన్సూరెన్స్ సంగతి కాస్త వివరంగా చెప్తా ఎందుకంటే ఇక్కడే చాలామంది తొందరపడి నష్టపోతారు. మీది థర్డ్ పార్టీ, అంటే అవతలివాళ్ళ నష్టానికి మాత్రమే ఇచ్చేది అయితే అద్దానికి పైసా రాదు. మన బండి నష్టానికి కూడా ఇచ్చే కాంప్రహెన్సివ్ అయితే కొబ్బరికాయ పడినా తుఫానుకి చెట్టు పడినా వస్తుంది (తిత్లీ తుఫాను వచ్చిన 2018 నించీ మన ఉద్దానం వాళ్ళు పాలసీ తీసుకునేటప్పుడు ఇది అడిగి తెలుసుకోవాల్సిందే). ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకి సగం కోస్తారు గానీ అద్దానికి తరుగుదల కొయ్యరు. 1500 సీసీ వరకు కారైతే 1000 రూపాయలు, దాటితే 2000 మీరు పెట్టుకోవాలి.

అంతా బాగానే ఉంది కదా అని క్లెయిమ్ పెట్టేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే మీకిప్పుడు వస్తున్న ఆ 35 శాతం తగ్గింపు, సున్నాకి వచ్చేస్తుంది. లెక్క చూడండి, ఉదాహరణకి మాత్రమే. సొంత డ్యామేజీ ప్రీమియం (పాలసీలో మన బండి నష్టం కోసం కట్టే భాగం, తగ్గింపు దీని మీదే) 8000 అనుకుందాం, అద్దం బిల్లు 7000 అనుకుందాం. క్లెయిమ్ పెడితే వెయ్యి పోను 6000 వస్తుంది. పెట్టకపోతే వచ్చే ఏడు మీకు 45 శాతం తగ్గింపు, పెడితే సున్నా, అంటే ఒక్క ఏడాదిలోనే 3600 తేడా. ఆ పై ఏడు పెట్టకపోతే 50 శాతం, పెడితే 20, అంటే 2400 తేడా, ఆ తర్వాత 50కి బదులు 25, అంటే 2000 తేడా. మూడేళ్ళకే 8000 పోయింది, వచ్చింది 6000. ఏటా కారు విలువతో పాటు ప్రీమియం తగ్గుతుంది కాబట్టి తేడా కొంచెం తక్కువే ఉండొచ్చు గానీ లాభమైతే లేదు. అదే మీ అద్దం ఖరీదైనదై బిల్లు పదిహేను వేలో ఇరవై వేలో అయితే క్లెయిమే మేలు. మీ పాలసీ కాగితంలో క్లెయిమ్ పెట్టినా బోనస్ పోకుండా కాపాడే బోనస్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ (అదనంగా కట్టి తీసుకునేది) ఉంటే ఈ లెక్కే అక్కర్లేదు, షరతులు చదువుకుని క్లెయిమ్ పెట్టెయ్యండి. ఏదైనా సరే, అద్దం బిగించక ముందే కంపెనీకి ఫోన్ చేసి చెప్పి ఫోటోలు తీసి ఉంచాలి, కొత్తది వేశాక చెప్తే ఒప్పుకోరు.

ప్రశ్న: అన్నా, కారు ఇంటి ముందే పెట్టాను, ఎండలో, ఎవరూ దగ్గరకి కూడా రాలేదు, మధ్యాన్నం టప్ మని శబ్దం, చూస్తే వెనకద్దం మొత్తం పోయింది. రాయి లేదు, ఏమీ లేదు. పక్కింటి పిల్లలు బంతి ఆడతారు, మా ఇంట్లో వాళ్ళు ఆ పిల్లల మీద పడుతున్నారు, మా అమ్మ దిష్టి అంటోంది. అద్దం దానంతటది పగులుతుందా?
- విజయనగరం నించి ఒక పాఠకుడు

జవాబు: పగులుతుంది తమ్ముడూ, ఆ పిల్లల్ని ఏమీ అనకండి. టెంపర్డ్ గాజులో పై పొర లోపలికి నొక్కుకుని ఉంటుంది, లోపలి భాగం లాగబడి ఉంటుంది, ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నంతసేపే అది మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు గట్టి. ఆ పట్టు ఎక్కడైనా ఒక్క చోట తెగిందంటే అద్దం మొత్తం ఒకేసారి రాలిపోతుంది. అంచు మీద ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బ, డిక్కీ గట్టిగా వేసినప్పుడు పడిన నెర్ర, ఇవి కనపడకుండా నెలల తరబడి ఉండి బాగా ఎండెక్కినరోజు బయటపడతాయి. ఇంకోటి కూడా ఉంది, అరుదు, గాజు తయారీలోనే నికెల్ సల్ఫైడ్ నలుసు లోపల ఉండిపోతే అది కాలక్రమంలో ఉబ్బి అద్దాన్ని పగలగొడుతుంది. కారు వారంటీలో ఉంటే షోరూమ్ లో అడిగి చూడండి, దెబ్బ తగిలిన గుర్తు లేదని ఫోటోలు చూపించండి. అమ్మగారికి దిష్టి తీస్తే మనసు నెమ్మదిస్తుందనుకుంటే తియ్యనివ్వండి, కానీ పక్కింటి వాళ్ళతో మాత్రం మీరే వెళ్ళి ఒక మాట మాట్లాడండి.

ప్రశ్న: ముందద్దం మీద రాయి తగిలితే షాపులో మందు నింపి సరిచేశారు. ఇప్పుడు వెనకద్దం మీద చిన్న పెచ్చు లేచింది, అదే మందు పనికొస్తుందా? ఇంకోటి, నల్ల ఫిల్ము పీకించాక డీఫాగర్ సగమే పనిచేస్తోంది.
- రాజాం

జవాబు: పనికిరాదు. ముందుది రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన లామినేటెడ్ అద్దం కాబట్టి మందు పడుతుంది. వెనకదాన్లో పెచ్చు లోతుగా పోయుంటే అది ఎప్పుడైనా రాలొచ్చు, మార్చేసుకోవడమే. పైపైన గీత మాత్రమే అయితే వదిలెయ్యండి.

ఫిల్ము పీకినప్పుడు బ్లేడు పెట్టి గీకి ఉంటారు, దాంతో గీతలు తెగాయి. అరకు ఘాట్ లో పొగమంచులో స్విచ్ వేసి చూడండి, ఏ గీత చుట్టూ మంచు కరగట్లేదో అదే తెగింది, లేదా ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి తెగిన చోటు పట్టేస్తాడు. వెండి కలిపిన పెయింటు దొరుకుతుంది, తెగిన చోట సన్నగా రాసి బాగా ఆరనిస్తే గీతలో మళ్ళీ కరెంటు పారుతుంది. ఫిల్ము తీసేశారు, మంచి పనే చేశారు, వెనకద్దంలోంచి కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలని రూలు, పక్క అద్దాలకి 50, అద్దాలకి విడిగా తెచ్చి అంటించే ఫిల్ములు వద్దని సుప్రీం కోర్టు 2012లోనే చెప్పింది.

ప్రశ్న: కొత్త వెనకద్దం వేయించాను, మొదటి వానకే డిక్కీలో నీళ్ళు. షాపతను పైన సిలికాన్ పూసి పంపాడు, మళ్ళీ అదే.
- బొబ్బిలి

జవాబు: పైన పూస్తే ఆగదండి. అద్దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచేది కింద ఉండే పీయూ (పాలీయురెథేన్) సీలెంటు అనే గమ్ము, అది ఎక్కడో తెగి ఉంటుంది. లోపల ఒకరు టార్చి పట్టుకుని కూచుని బయట ఒకరు కింద నించి పైకి మెల్లగా నీళ్ళు పొయ్యండి, ఎక్కడ దిగుతుందో తెలుస్తుంది. నీళ్ళు కారుతుంటే అద్దం తీయించి మళ్ళీ వేయించడమే, ఇది షాపు వాళ్ళు ఉచితంగా చెయ్యాల్సిన పని, మొహమాటపడకండి.

తీసినప్పుడు ఫ్రేము అంచు మీరే దగ్గరుండి చూడండి. పాత గమ్ము గీకేటప్పుడు పెయింటు పోయి ఇనుము బయటపడితే తుప్పు పడుతుంది, తుప్పు మీద ఏ సీలెంటూ నిలవదు. అలా ఉంటే తుప్పు గీకించి ప్రైమర్ కొట్టించి ఆరాకే అద్దం పెట్టమనండి. అద్దం అంచున నల్ల పట్టీ ఉంటుంది కదా, ఎండ సీలెంటుని తినెయ్యకుండా కాపాడేది అదే, కాబట్టి సీలెంటు ఆ పట్టీ కిందే ఉండాలి, లోపలికి జరక్కూడదు. వేశాక మొదటి రోజు కిటికీ కొంచెం దించి ఉంచండి, అన్నీ మూసి తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి తోసి పచ్చి సీలెంటు విడిపోతుంది. రెండు రోజులు ప్రెషర్ వాటర్ కొట్టించొద్దు. ఈలోగా స్టెప్నీ గుంటలో అడుగున రబ్బరు బిరడా ఉంటుంది చూడండి, అది లాగి నీళ్ళు వదిలేసి, మ్యాట్లు బయట ఎండబెట్టి, బిరడా మళ్ళీ పెట్టండి.